అద్దం మీది మైనం

"లోపల నిప్పంటుకుందనుకో, ఈ జిప్పు ఊడి రాకపోతే ఏం చేస్తావే?"

"అంటుకోవడానికి లోపల ఏముందమ్మా? ఒక అద్దం, నేనూ ఇంకో మనిషీ, బోలెడు గాలి. అంతే."

"గాలి చాలదూ?"

కూతురు నవ్వింది. నెత్తి నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగులో మూసుకుపోయి ఉంది కాబట్టి ఆ నవ్వు కళ్ళలో మాత్రమే తెలిసింది. తల్లి ఆమె రెండో జత గ్లవ్సు మణికట్టు మీదికి లాగి, మూతిగుడ్డ సర్ది, మెడ నుంచి నడుము దాకా ఉన్న జిప్పును ఇంకోసారి కిందికీ పైకీ లాగి చూసింది. సగంలో పట్టేసింది. గట్టిగా గుంజితే కదిలింది.

"చూశావా?"

"చూశాను. కదిలింది కదా. నే వస్తా, ఆలస్యమైతే నాకోసం కూచోకు, తినేసెయ్."

దుస్తుల గదిలో ఆమె చేరి తొమ్మిదేళ్ళు. అద్దం ఉన్న తెల్లగదిలోకి ఎవరు వెళ్ళాలన్నా ముందు ఆమె చేతుల మీదుగా వెళ్ళాలి. తొడుగులు ఉతకడం, ఆరబెట్టడం, మడిచి మూటకట్టడం, వచ్చినవాళ్ళకి తొడగడం, తిరిగొచ్చాక విప్పడం ఆమె పని. చదివింది ఏడో తరగతి. కూతురు చిట్టి చదువు మాత్రం ఎక్కడా ఆగకుండా పోయి పోయి, చివరికి తల్లి పనిచేసే భవనంలోకే వచ్చిపడింది. తల్లి ఉతికిన తొడుగు వేసుకుని కూతురు అద్దం దగ్గరికి వెళ్ళడం అక్కడివాళ్ళందరికీ ఒక ముచ్చట.

తల్లిని మాత్రం అందరూ దిగులమ్మ అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవాళ్ళు, ఆమే పలికేది. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని మెట్లెక్కేది, మెట్ల మీద జారిపడతానని గోడ పట్టుకునేది. ఫోను మోగితే ఎవరో పోయారనుకునేది. మోగకపోతే, ఆ కబురు చెప్పడానికైనా ఎవరూ మిగల్లేదేమో అనుకునేది.

లోపలున్నది ఆకాశంలోకి ఎగరబోయే టెలిస్కోపు. అది చూసేది మామూలు వెలుగును కాదు. ఎండలో ఎక్కువసేపు నిలబడితే చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కాంతి ఉంటుందే, దాన్ని. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే ఆ కాంతిని మన గాలి చాలావరకు కిందికి దిగనివ్వదు కాబట్టి, గాలిని దాటి పైకి వెళ్ళి చూడాలి. దానికి పెద్ద శత్రువు జిడ్డు. వెంట్రుక మందంలో పదివేలో వంతు జిడ్డు పొర అద్దం మీద పడినా చాలు, ఆ కాంతి అక్కడే ఇంకిపోతుంది.

అందుకే దుస్తుల గదికీ తెల్లగదికీ మధ్య తలుపు దగ్గర ముక్కాయన ఉండేవాడు. ఆయన ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరుంది గానీ, చేసేది మనుషుల్ని వాసన చూడటం. అత్తరు, పౌడరు, తలనూనె, చేతికి రాసుకునే క్రీము, ఏది తగిలినా వెనక్కి పంపేసేవాడు. యంత్రాలూ ఉండేవి, కానీ ఆయన ముక్కు ముందు అవి దిగదుడుపే. "పొద్దున వెల్లుల్లి తిన్నావు, అది సరే, ఆ తర్వాత భార్యతో గొడవపడి పక్కింటి సబ్బుతో స్నానం చేశావు" అని ఒకణ్ణి నిలబెట్టేశాడని చెప్పుకునేవాళ్ళు. దిగులమ్మకి ఈ ఉద్యోగం చూపించింది ఆయనే. ఆమెను చెల్లెమ్మా అనేవాడు.

ఆ మాటలకు నాలుగు రోజుల ముందు చిట్టి జిప్పు నిజంగానే పట్టేసింది. బయటికొచ్చి విప్పబోతే రొమ్ము దగ్గర ఆగిపోయింది. పావుగంట గింజుకుంది. తొడుగులో గాలాడక చిట్టి ముఖం కందగడ్డలా అయిపోయింది, చివరికి తల్లి కత్తెరతో కోసి తీసింది. చిట్టి ఊపిరి తీసుకుంటూనే నవ్వింది. తల్లి మాత్రం ఆ పావుగంటను మళ్ళీ మళ్ళీ కళ్ళముందు తిప్పుకుంది. ప్రతిసారీ అందులో ఒక్కొక్కటి కలిసింది. ముందు పొగ కలిసింది. తర్వాత మంట. తర్వాత తలుపు అవతలి నుంచి తట్టడం.

ఇంకో తొడుగు ఇచ్చారు. దాని జిప్పూ అంతే. అక్కడి శుద్ధిచేసిన నీళ్ళలో ఉతికితే బట్టలో జిడ్డన్నది మిగలదు, జిప్పు పళ్ళు బిరుసెక్కిపోతాయి. ఇంట్లో సంచీ జిప్పు పట్టేస్తే ఏం చేస్తాం? కొవ్వొత్తి ముక్క తీసుకుని రెండు పక్కలా రాస్తాం. ఎవరూ నేర్పక్కర్లేని పని అది.

మర్నాడు తల్లి చేతిరుమాల్లో కొవ్వొత్తి ముక్క చుట్టుకొచ్చింది. అద్దాన్ని దాని చట్రంలో బిగించే రోజు అది. చిట్టి తొడుగు తీసి, తలుపు వైపు వీపు పెట్టి, జిప్పు పళ్ళ మీద పైనుంచి కిందికి మూడుసార్లు రాసింది. పొడి రాలితే గుడ్డతో తుడిచేసింది. వెలుతురుకి ఎత్తి చూసింది. ఏమీ లేదు. కంటికి కనపడలేదంటే లేనట్టే అనుకుంది. ఆ భవనంలో పనిచేసేవాళ్ళెవరూ అనుకోకూడని మాట అదొక్కటే.

చిట్టి జిప్పు సర్రున పైకి పోయింది. ముక్కాయన దగ్గరికొచ్చి, మెడ దగ్గర వంగి, రెండుసార్లు ఊపిరి పీల్చి, వెళ్ళమని తల ఊపాడు. చిట్టి ఆరుగంటల సేపు అద్దం మీద వంగి పనిచేసింది.

తొమ్మిదేళ్ళలో ఆ ఒక్కరోజు తల్లి కడుపునిండా ఊపిరి పీల్చుకుంది.

*

టెలిస్కోపు ఎగిరింది. ఎగిరేటప్పుడు పేలిపోతుందని ఆమె ఎంత నమ్మకంగా కళ్ళు మూసుకుందంటే, అందరూ చప్పట్లు కొట్టాక కూడా తెరవలేదు. పైకి చేరాక దాని మూత ఊడి పడిపోయింది. ఒకసారి ఊడే మూత అది, మళ్ళీ మూయడానికి వీల్లేదు. మూడో వారం నుంచి బొమ్మలు రావడం మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నం చిట్టి రెండు కాగితాలు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. మొదటిదాంట్లో గోధుమరంగు అండాకారం, మసగ్గా, వేలితో రాసిన మరకలా ఉంది.

"ఇది మామూలు టెలిస్కోపు తీసింది. దీన్ని మేం ముసలమ్మ అంటాం."

"ఎందుకూ?"

"ఇందులో కొత్త చుక్కలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిందని అందరి లెక్క. పుట్టినవి ఎర్రబడుతున్నాయి, ఆరుతున్నాయి. ఇప్పుడిది చూడు."

రెండో కాగితంలో ఆ అండం దాదాపు లేదు. దాని స్థానంలో చీకటి. చీకటి చుట్టూ, చాలా దూరంగా, సన్నటి నీలం చుక్కల వలయం.

"పసిచుక్కలు చాలా వేడిగా ఉంటాయమ్మా. అవే ఈ వెలుగిస్తాయి. ముసలి చుక్కలు ఇవ్వలేవు. అంటే ఎక్కడ నీలంగా ఉందో అక్కడ ఇప్పటికీ పురుళ్ళు జరుగుతున్నట్టు."

తల్లి కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఈ వయసులోనా?"

"అదే నేను పదేళ్ళుగా అడుగుతున్నది" అని చిట్టి పకపకా నవ్వింది. "గెలాక్సీలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి, ఎందుకు ఆగిపోతాయి అని. ఒక్క గెలాక్సీ ముసలిదయ్యేదాకా కూచుని చూడలేం కదా. అందుకని రకరకాల వయసులవాటిని వరసగా నిలబెట్టి చూస్తాం. ఆగిపోయిందనుకున్నది మళ్ళీ మొదలుపెట్టగలదంటే ఆ వరసే మారిపోతుంది. కానీ ఈ వలయం చాలా పల్చన. ఇంకో ఏడాదిపాటు అదేపనిగా చూస్తే గానీ ఎవరూ నమ్మరు."

"ఏడాదిలో దానికేమైనా అయితే?"

"దానికేం కాదు. మన ఏడాది దానికి రెప్పపాటు కూడా కాదు."

తల్లి ఆ కాగితం అడిగి తీసుకుని బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంది. బట్టలు తీసిన ప్రతిసారీ ఆ వలయాన్ని చూసేది. ఇరుగుపొరుగుకి "మా అమ్మాయి ముసలివాళ్ళ పురుళ్ళు చూస్తుంది" అని చెప్పి వాళ్ళని ఒకపూటంతా గందరగోళంలో పెట్టింది.

టెలిస్కోపు ఎగిరిన ఎనిమిదో నెలలో చిట్టి అన్నం ముందు కూచుని చెయ్యి కదపకుండా ఉండిపోయింది.

"జ్వరమా?"

"కాదు."

"మరి ఎవరైనా..."

"ముసలమ్మ వలయం మసకేసింది."

చిట్టి తనలో తను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. మొదట వలయమే ఆరిపోతోందనుకున్నారట. కానీ పక్క గెలాక్సీ కూడా అంతే తగ్గింది. దాని అవతలిదీ అంతే. ఆకాశానికి ఆ చివరున్న కుర్ర గెలాక్సీలు, చుక్కలు తామరతంపరగా పుట్టించేవి, అవీ అంతే. అన్నీ నూటికి తొమ్మిది వంతులు తగ్గాయి.

"అన్నిటికీ ఒకేసారి పురుళ్ళు ఆగవమ్మా."

"మరి?"

"ఒక చుక్క ఉంది, కొలతచుక్క అంటాం. మారదు, మిణుకుమనదు, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. దాన్ని నెలనెలా చూస్తాం. అదీ తొమ్మిది వంతులు తగ్గింది. అంటే ఆకాశానికేం కాలేదు. మన కంటికే పొర కమ్ముతోంది."

"పొరంటే?"

"జిడ్డు. ఎక్కడో చట్రం సందులో ఏదో ఇరుక్కుంది. పైన ఎండ తగిలినప్పుడల్లా అది వెచ్చబడి, కాస్త కాస్త ఆవిరై, చల్లగా ఉన్న అద్దం మీద కూచుంటోంది. అక్కడితో పోదు. ఎండలో ఉండే ఆ అతినీలలోహిత వెలుగే దాన్ని వేయిస్తుంది. పెనం అంచున పాత నూనె ముదిరి గట్టిపడుతుంది చూడు, గీకినా రాదు, అలాగ."

తల్లి లేచి పొయ్యి కట్టేసింది. పొయ్యి అప్పటికే కట్టేసి ఉంది.

*

ఎప్పుడూ రానిదాని గురించి భయపడటమే తప్ప, వచ్చేసినదాని ముందు ఎలా కూచోవాలో ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళూ ఊహించిన మంటలూ, కూలిన లిఫ్టులూ, అర్ధరాత్రి ఫోన్లూ ఆమెను ఇందుకు సిద్ధం చెయ్యలేదు. కొవ్వొత్తేనా? మూడు గీతలు. తుడిచేశాను కదా. ఇంకేదైనా అయుండొచ్చు. ఎంతమంది వెళ్ళారు లోపలికి, ఎన్ని సామాన్లు వెళ్ళాయి. బీరువా తెరవడం మానేసింది. బట్టలు కుర్చీ మీద వేసుకోవడం మొదలుపెట్టింది.

చెప్పేద్దామని రోజూ అనుకునేది. చెబితే ఏమవుతుందో వెంటనే కళ్ళముందు కదిలేది. జిప్పు చిట్టిది. తొడుగు చిట్టిది. వంగింది చిట్టి. తల్లి పెట్టిన మైనం కూతురు మోసుకెళ్ళి అద్దం మీద పోసిందంటారు. పదేళ్ళ చదువును ఇంట్లోనే చంపేసుకున్నారంటారు.

లోపలికి వెళ్ళిన ప్రతి వస్తువుకూ జాబితా రాయమని పెద్దమేడం ఉత్తర్వు వేసింది. ఆ టెలిస్కోపు పనికి మొత్తం పెద్ద ఆమే. టేపు ముక్క నుంచి మరచుట్టు దాకా అన్నీ రాయాలి. దుస్తుల గది పేజీ నేనే రాస్తానని చిట్టి తీసుకుంది. ఇంట్లో బల్ల దగ్గర ఎదురెదురుగా కూచున్నారు.

"సబ్బు?"

"మీరిచ్చిందే."

"ఆరబెట్టే గది?"

"గాలి మిషను ఉన్నదే. తలుపు మూసే ఉంచుతాను."

"గ్లవ్సు పెట్టెలు మారాయా?"

"లేదు."

తల్లి చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఈసారి అడిగితే చెప్పేస్తాను అనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంకేం లేదు కదా" అంది చిట్టి. జవాబు కోసం తలెత్తలేదు. "ఏమీ లేదు" అని రాసి, కింద గీత గీసి, కాగితం మడిచేసింది.

తల్లికి ఆ క్షణంలో కలిగింది కృతజ్ఞతే. దానికి తర్వాత ఎంత సిగ్గుపడిందో చెప్పలేం. అప్పటి నుంచి తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గాయి. చిట్టి పొద్దున్నే వెళ్ళిపోయేది. వచ్చాక తలనొప్పి అనేది. దిగులు పెట్టుకోకమ్మా అనే మాట, రోజుకి పదిసార్లు అనే మాట, ఇప్పుడు ఒక్కసారి కూడా అనడం లేదు. తల్లికి అది పనిభారం అనిపించింది.

మూడు నెలలు అలాగే జరిగాయి. నూటికి తొమ్మిది వంతుల తగ్గుదల కాస్తా ఇరవై ఆరైంది. అక్కడివాళ్ళ వేళ్ళన్నీ మెల్లగా ముక్కాయన వైపు తిరిగాయి. అద్దాన్ని దాచిన కొత్తరకం సంచీలకు సరేనన్నది ఆయనే. ఆ సంచీ లోపలి పూతలో ఒక నూనె ఉంటుందట. ఆయన్ని తలుపు దగ్గర నుంచి తీసేసి, నడవాలో ఒక కుర్చీ చూపించారు. పిలిచేదాకా అక్కడ కూచోమన్నారు.

రెండోరోజు మధ్యాహ్నం తల్లి రెండు గ్లాసుల్లో టీ పట్టుకెళ్ళి ఒకటి ఆయనకిచ్చింది.

"ఏలకులు వేశావా చెల్లెమ్మా?"

"వేశానన్నయ్యగారూ. తెలియడం లేదా?"

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఉండి, తాగకుండా దించేశాడు.

"ఒక మాట చెబుతాను, నీలో ఉంచుకో. అద్దం బిగించిన వారం నాకు జలుబు. గట్టిగా పట్టింది. ముక్కు చెక్కముక్క. సెలవు పెడితే పని ఆగిపోతుంది, పని ఆగితే అందరూ నా మీద పడతారు. మందేసుకుని నిలబడ్డాను. ఒక్కొక్కళ్ళ దగ్గరా వంగి ఊపిరి పీల్చినట్టు నటించాను, తల ఊపాను." ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. "అలా వంగినవాళ్ళలో మీ చిట్టి కూడా ఉంది. పాపం అదేం పూసుకొస్తుంది గానీ, ఎవరి మీద ఏముందో నాకు తెలీదు చెల్లెమ్మా. పదిరోజులు ఆ తలుపు దగ్గర ఎవరూ లేనట్టే."

ఆమె తన గ్లాసు కింద పెట్టేసింది.

"ముక్కు ఆ తర్వాత పూర్తిగా రానేలేదు. ఇప్పుడీ ఏలకులు కూడా... సర్లే. రేపు పదింటికి పిలిచారు. సంచీదే తప్పు, నేనే ఒప్పుకున్నాను అని సంతకం పెట్టేస్తా. నా తప్పు నాకు తెలుసు. ఏ పేరుతో ఒప్పుకుంటే ఏం?"

"పెడితే ఏమవుతుంది?"

"సంచీ నూనె అని తేలితే ఇక అద్దం జోలికి పోరు. దాని వెనక చిన్న హీటర్లున్నాయి, వేడి చేసి పొరని తరిమేయొచ్చు. కానీ ఈ నూనె వేడికి ఊరికే పోదు, పలచబడి పాకుతూ వెళ్ళి లోపల వెలుగును పట్టే కంటి మీద కూచుంటుంది. అంతటితో చూపు సరి. అందుకని ముట్టుకోరు. ఎంత మసక పడితే అంత పడనీ అని వదిలేస్తారు."

"నూనె కాకపోతే?"

"కొవ్వో మైనమో అయితే కొద్ది వేడికే ఆవిరై, టెలిస్కోపు ముందున్న మూతిలోంచి బయటికి పోతుంది. ముదరకముందు చెయ్యాలి. అయినా తెల్లగదిలోకి మైనం ఎవరు తెస్తారు? మతి పోయినవాళ్ళు కూడా తేరు."

ఆమె ఖాళీ అవని రెండు గ్లాసులూ తీసుకుని వెనక్కి నడిచింది. నడవా చివర వరకూ గోడ పట్టుకునే నడిచింది, అక్కడ మెట్లు లేకపోయినా.

*

మర్నాడు పదింటికి పెద్దగదిలో పదిహేనుమంది ఉన్నారు. తెల్లగదిలోకి వెళ్ళినవాళ్ళూ, వాళ్ళని పంపినవాళ్ళూ అందరూ రావాలన్నారు. తల్లి గోడవార కుర్చీలో కూచుంది. చిట్టి ఎదుటి వరసలో, ముందు కంప్యూటరు తెరిచి పెట్టుకుని, తల్లికి వీపే కనిపించేలా కూచుంది. గోడ మీద ముసలమ్మ బొమ్మలు రెండు వేశారు. మొదటిదాంట్లో వలయం ఉంది. రెండోదాంట్లో వలయం ఉందని తెలిసినవాళ్ళకే కనిపిస్తుంది.

పెద్దమేడం సన్నగా, కోపం ఎరగని మనిషిలా మాట్లాడుతుంది. అందుకే ఆమెంటే అందరికీ భయం.

"పొర నూనెదా మైనందా అని వెలుగును బట్టి చెప్పలేం. రెండూ ఒకేలా మింగుతున్నాయి. పైకెళ్ళి వేలితో గీకి చూడలేం. కింద ఎవరికి ఏం తెలుసో దాన్ని బట్టే తేల్చుకోవాలి. జాబితాలో కొవ్వు, మైనం అన్నవి ఎక్కడా లేవు. కాబట్టి సంచీ." ఆమె కాగితం ముక్కాయన ముందుకు జరిపింది. "మీరు చదివి సంతకం చెయ్యండి. అంతకుముందు ఇంకెవరైనా ఏదైనా చెప్పాలంటే చెప్పండి. ఇదే ఆఖరు."

ముక్కాయన చదవకుండానే కలం తీశాడు.

"ఆగండి అన్నయ్యగారూ."

తన గొంతే అయినా ఎవరో అన్నట్టు వినిపించింది. అందరూ తిరిగారు, చిట్టి ఒక్కతే తిరగలేదు. తల్లి లేచి నిలబడి కుర్చీ వీపు పట్టుకుంది.

"నేను దుస్తుల గదిలో ఉంటాను. జిప్పుకి మైనం రాశాను. కొవ్వొత్తి ముక్కతో. మా అమ్మాయి తొడుగుకి, అద్దం బిగించిన రోజున. మూడుసార్లు రాసి తుడిచాను."

గదిలో ఎవరో "అయ్యో" అన్నారు. పెద్దమేడం ముఖం మారలేదు.

"ఎందుకు రాశారు?"

"పట్టేస్తోంది మేడం. లోపల నిప్పంటుకుంటే బయటికి రాలేదని భయమేసింది."

ఇంకెప్పుడైనా అయితే ఎవరో ఒకరు నవ్వి ఉండేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

"అమ్మగారూ, ఇది మీకు ఎప్పటి నుంచి అనుమానం?"

"మొదటి నుంచీ. తొమ్మిది వంతులు తగ్గిందని మా అమ్మాయి చెప్పిన పూట నుంచి." ఆమె ముక్కాయన వైపు చూడబోయి చూడలేకపోయింది. "మా అమ్మాయికేం తెలీదు. దాని ఒంటి మీదున్నది నేను పెట్టిందే గానీ అది తెలిసి తీసుకెళ్ళలేదు. నన్నేం చేసినా చెయ్యండి. దాన్ని ఏమీ అనకండి. వేడి చేస్తే పోతుందటగా, చెయ్యండి మేడం. ఇవాళే చెయ్యండి."

ముక్కాయన కలం మూత పెట్టి, దాన్ని ఎంతో జాగ్రత్తగా బల్ల మీద పడుకోబెట్టాడు. తల్లిని కోపంగా చూడలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

పెద్దమేడం కాగితం వెనక్కి తీసుకుంది. "మైనమైతే వేడి చేస్తాం. ఎంత పోతుందన్నది ఎంత ముదిరిందన్న దాన్ని బట్టి ఉంటుంది." చిట్టి వైపు తిరిగింది. "ఆ లెక్క నువ్వే కదా చేస్తున్నావు. మైనం అనుకుని చేస్తే ఇప్పుడు ఎంత పోతుంది?"

చిట్టి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కొత్తగా లెక్క కట్టాలంటే ఒక గంట తీసుకో."

చిట్టి కంప్యూటరు తెర వైపు చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు మీటల మీద ఉన్నాయి, కదలడం లేదు. తల్లికి ఆ తెర కనిపిస్తోంది. అర్థం కాకపోయినా గీతలూ అంకెలూ కనిపిస్తున్నాయి, నిండుగా, వరసలు వరసలుగా. ఇవాళ కట్టిన లెక్కలా లేదు. కిటికీ అవతల ఏదో బండి వెనక్కి వస్తూ కూత పెట్టి, ఆగి, మళ్ళీ కూత పెట్టింది. ఒకాయన దగ్గు ఆపుకున్నాడు. పెద్దమేడం తొందరపెట్టలేదు, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఎదురుచూసింది.

తల్లి ఎన్నో ఊహించింది. కూతురికి కళ్ళు తిరిగాయేమో అనుకుంది. అందరిముందూ తనని కసిరేస్తుందేమో, ఇంటికి ఇక రాదేమో అనుకుంది. చిట్టీ, ఏదో ఒకటి అను తల్లీ అని లోపల్లోపలే బతిమాలుకుంది. గోడ మీది ముసలమ్మ ఆ గదిలో జరుగుతున్నది ఏదీ పట్టనట్టు, ఉన్న నాలుగు పసిచుక్కల్నీ చీకటి చాటున పెట్టుకుని కూచుంది.

నిమిషం గడిచిందో, పది గడిచాయో. చివరికి చిట్టి కుర్చీ తిప్పింది. పెద్దమేడం వైపు కాదు, గోడవారన నిలబడ్డ తల్లి వైపు.

"మైనమనుకునే కట్టానమ్మా. మూడు నెలల కిందటే కట్టాను. ఆ రోజు జిప్పు అంత నున్నగా జారినప్పుడే నాకు తెలిసింది, నువ్వు ఏదో రాశావని. చెబితే నిన్ను పంపించేస్తారని ఊరుకున్నాను. అప్పుడు వేడి చేసుంటే మొత్తం పోయేది. ఇప్పుడు పొరలో మూడో వంతే పోతుంది. వలయం మాత్రం ఇక కనపడదు."